ఆగినచోటి నుంచి

పాఠ్యభాగ ప్రవేశం

లెక్క చేయడం ఎంత ముఖ్యమో, మధ్యలో ఆగిపోయిన లెక్కను తప్పు దొర్లకుండా తిరిగి అందుకోవడం కూడా అంతే ముఖ్యం. కంప్యూటర్‌లో గంటల తరబడి సాగే లెక్కల స్థితిని ఫైలులో ఎలా భద్రపరుస్తారు? దాన్ని తిరిగి ఎలా తెచ్చుకుంటారు? అందులో ఒక్క అంశం మరచినా ఏమవుతుంది? ఈ సంగతులను బెంగళూరు చెరువుల ఉదాహరణతో తెలుసుకుందాం.

గొలుసు చెరువులు

బెంగళూరు నగరానికి ఆగ్నేయ దిశలో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అనే పేట ఉంది. హోసూరు రోడ్డుకూ సర్జాపుర రోడ్డుకూ నడుమ వెలసింది కాబట్టి ఆ పేర్ల మొదటి అక్షరాలే దీనికి పేరయ్యాయి. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే చిన్నా పెద్దా సంస్థలు ఇక్కడ చాలా ఉన్నాయి. వాటిలో పనిచేసేవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు.

ఈ పేటకు ఉత్తరపు అంచున అగర చెరువు ఉంది. పడమటి వైపున మడివాళ చెరువు ఉంది. మడివాళ చెరువు నిండితే ఆ నీరు అగర చెరువుకు వస్తుంది. అగర నిండితే బెళ్లందూరు చెరువుకు, అక్కడి నుంచి వర్తూరు చెరువుకు పారి, చివరకు దక్షిణ పినాకినిలో కలుస్తుంది. ఇలా ఒకదాని నీరు మరొకదానికి చేరే చెరువులను గొలుసు చెరువులంటారు. నెల్లూరు సీమను తడిపి సముద్రంలో కలిసే పెన్నకు ఉత్తర పినాకిని అని పేరు. ఈ రెండు పినాకినులకూ పుట్టిల్లు నందికొండల ప్రాంతమే.

2022 సెప్టెంబరు 4, 5 తేదీల నడుమ 24 గంటల్లో బెంగళూరులో 131.6 మిల్లీమీటర్ల వాన కురిసింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని పల్లపు వీధులు, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతాలు నీట మునిగాయి. ఆఫీసులకు పోయేవారిని ట్రాక్టర్ల మీద దాటించవలసి వచ్చింది.

ఇంత వాన కురిస్తే ఏ చెరువు ఏ వేళకు అలుగు పారుతుంది? ఏ వీధిలోకి నీరు వస్తుంది? నీరు వచ్చాక ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడం సులువే. రాకముందే చెప్పగలిగితే పల్లంలో ఉన్నవారు పిల్లలనూ ముసలివారినీ మెరకకు చేర్చుకుంటారు. అలా ముందుగా చెప్పడానికే శాస్త్రజ్ఞులు కంప్యూటర్ సహాయం తీసుకుంటారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, కర్ణాటక రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం కలిసి బెంగళూరు వరదల కోసం ఇటువంటి పనే చేశాయి. 2020లో ‘బెంగళూరు మేఘ సందేశ’ అనే మొబైల్ అప్లికేషన్ ప్రజల చేతికి వచ్చింది.

సిమ్యులేషన్ అంటే ఏమిటి?

నిజమైన చెరువులో జరిగేదాన్ని అంకెలతో కంప్యూటర్‌లో జరిపించి చూడడాన్ని సిమ్యులేషన్ అంటారు. తెలుగులో దీన్ని అనుకరణ అనవచ్చు. దీని సూత్రం చాలా సరళమైనది. చెరువులో ఇప్పుడున్న నీటికి వచ్చిన నీటిని కూడి, పోయిన నీటిని తీసివేస్తే, తరువాతి ఘడియకు ఉండే నీరు తెలుస్తుంది. ఆ జవాబు మీద మళ్లీ అదే లెక్క చేస్తే ఆ తరువాతి ఘడియ సంగతి తెలుస్తుంది. ఇలా అడుగు తరువాత అడుగుగా కాలం ముందుకు సాగుతుంది.

ఒక చెరువుకైతే ఈ లెక్క మనం పలక మీదే చేయవచ్చు. నగరం మొత్తాన్ని చిన్న చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడికీ ప్రతి నిమిషానికీ లెక్క చేయవలసి వస్తే కంప్యూటర్‌కు కూడా గంటలు, ఒక్కొక్కసారి రోజులు పడుతుంది. ఇంతలో కరెంటు పోవచ్చు. యంత్రం చెడిపోవచ్చు. పెద్ద కంప్యూటర్లను చాలామంది పంచుకుంటారు కనుక, మనకు కేటాయించిన సమయం ముగియవచ్చు. కంప్యూటర్ లెక్క చేసేటప్పుడు అంకెలను మెమరీలో ఉంచుకుంటుంది. కరెంటు పోతే మెమరీలోనివన్నీ చెరిగిపోతాయి. అప్పుడు లెక్క మొదటికి వస్తుంది.

ఈ నష్టం రాకుండా ప్రోగ్రాం తన స్థితిని అప్పుడప్పుడు ఒక ఫైలులో రాసి డిస్కులో దాచుకుంటుంది. దీన్ని చెక్‌పాయింట్ అంటారు. లెక్క ఆగిపోతే, ఆ ఫైలును చదివి, అంకెలన్నిటినీ మెమరీలో యథాస్థానాల్లో నింపి, అక్కడి నుంచి ముందుకు సాగుతుంది. ఇదే స్థితి పునరుద్ధరణ.

నిలవ పద్దు

స్థితి అంటే జరిగినదంతా కాదు. కిరాణా కొట్టు యజమాని చిట్టా పుస్తకాన్ని గమనించండి. పుట నిండగానే కింద నిలవ తేల్చి, దాన్ని కొత్త పుట పైన ‘వెనుకటి నిలవ’గా ఎత్తి రాస్తాడు. రేపటి లెక్కకు నిన్నటి ప్రతి జమా, ప్రతి ఖర్చూ అక్కరలేదు. నిలవ సరిగా ఉంటే చాలు. గతంలో భవిష్యత్తుకు అవసరమైనదంతా నిలవలో ఇమిడి ఉంటుంది. సిమ్యులేషన్‌లో ఆ పనిని స్థితి చేస్తుంది.

అయితే నిలవ తేల్చేటప్పుడు పెట్టెలో ఉన్న డబ్బును మాత్రమే లెక్కించి, ఇంకా రావలసిన బాకీలను మరచిపోతే? కొట్టు లెక్క తప్పుతుంది. చెరువు లెక్కలోనూ ఇటువంటి ప్రమాదమే ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని అంకెలు పాఠం కోసం కల్పించుకున్నవి. ఏ చెరువు కొలతలూ కావు.

ఒక ఎగువ చెరువు, ఒక దిగువ చెరువు, వాటి మధ్య ఒక కాలువ ఉన్నాయనుకుందాం. ప్రతి గంటా ఎగువ చెరువు నీటిలో పదో వంతు కాలువలోకి దిగుతుంది. ఆ నీరు దిగువ చెరువుకు చేరడానికి మరో గంట పడుతుంది. దిగువ చెరువు తూము మూసి ఉంది. అందులో నీరు 85 పాళ్లు దాటితే అలుగు పారి వీధుల్లోకి వస్తుంది.

సాయంత్రం 6 గంటలకు: ఎగువ 100, కాలువ 0, దిగువ 60.
రాత్రి 7 గంటలకు: ఎగువ 90, కాలువ 10, దిగువ 60.
రాత్రి 8 గంటలకు: ఎగువ 81, కాలువ 9, దిగువ 70.
రాత్రి 9 గంటలకు: ఎగువ 72.9, కాలువ 8.1, దిగువ 79.
రాత్రి 10 గంటలకు: ఎగువ 65.61, కాలువ 7.29, దిగువ 87.1.

అంటే రాత్రి 10 గంటలకు దిగువ చెరువు అలుగు పారుతుంది.

ఇప్పుడు రాత్రి 8 గంటల దాకా వచ్చాక లెక్క ఆగిందనుకుందాం. ప్రోగ్రాం రాసినవారు రెండు చెరువుల నీటిని మాత్రమే ఫైలులో దాచారు. కాలువ సంగతి తట్టలేదు. ఫైలును చదివి మళ్లీ మొదలుపెడితే ఎగువ 81, దిగువ 70 అని సరిగానే వస్తాయి. కాలువలో మాత్రం సున్నా ఉంటుంది. 9 గంటలకు దిగువ చెరువులో 70 పాళ్లే ఉంటాయి. 10 గంటలకు 78.1 వస్తుంది. అది 85 కన్నా తక్కువ కాబట్టి ‘ప్రమాదం లేదు’ అని కంప్యూటర్ చెబుతుంది. వీధిలోని వారు నిశ్చింతగా నిద్రపోతారు.

ఇక్కడ జరిగినదేమిటో గమనించండి. ప్రోగ్రాం ఆగలేదు. తప్పు జరిగిందని చెప్పనూ లేదు. అంకెలు నమ్మదగినట్టుగానే కనిపించాయి. ఆగిపోయిన లెక్క తన లోపాన్ని తానే చాటుతుంది. తప్పుగా కొనసాగిన లెక్క చాటదు. అందుకే ఇది ఎక్కువ ప్రమాదకరం.

దీన్ని పట్టుకునే ఉపాయం కూడా ఈ లెక్కలోనే ఉంది. మొదట మొత్తం నీరు 160 పాళ్లు. తూము మూసి ఉంది కనుక ఆ మొత్తం మారకూడదు. పునరుద్ధరించిన తరువాత కూడి చూస్తే 151 మాత్రమే వస్తుంది. తక్కువైన 9 పాళ్లు కాలువలో ఉండవలసిన నీరే.

ఏమేమి దాచాలి?

చదరంగం ఆటను సగంలో ఆపి రేపు కొనసాగించాలంటే, ఏ పావు ఏ గడిలో ఉందో రాసుకుంటే చాలునని అనిపిస్తుంది. అది చాలదు. ఎత్తు ఎవరిదో రాసుకోవాలి. కోట కట్టే హక్కు ఎవరికి మిగిలి ఉందో కూడా రాసుకోవాలి. రాజు ఒకసారి కదిలి తిరిగి తన గడికి వస్తే, బల్లను చూసి ఆ సంగతి కనిపెట్టలేము. కంటికి కనిపించేది వేరు, ఆట పూర్తి స్థితి వేరు.

సిమ్యులేషన్ ఫైలులోనూ అంతే. లెక్క ఏ వేళకు చేరిందో ఉండాలి. ప్రతి గడిలోని నీటి పరిమాణం ఉండాలి. కాలువలోని నీటి వలె ఇంకా దారిలో ఉన్నవన్నీ ఉండాలి. కొన్ని సిమ్యులేషన్లు వాన ఎక్కువ తక్కువలను చూపడానికి పాచికలు వేసినట్టుగా యాదృచ్ఛిక సంఖ్యలను వాడుతాయి. కంప్యూటర్ వాటిని ఒక సూత్రం ప్రకారం వరుసగా పుట్టిస్తుంది. ఆ వరుసలో ఎంతవరకు వచ్చామో కూడా దాచకపోతే, తిరిగి మొదలైన లెక్కలో వేరే వాన కురుస్తుంది.

తెగిపోయిన దశాంశాలు

అన్ని అంశాలూ దాచాం. అయినా లెక్క తప్పవచ్చు. ఎలాగో చెప్పడానికి ప్రపంచ ప్రసిద్ధమైన ఒక సంఘటన ఉంది.

1961లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు రాయల్ మెక్‌బీ ఎల్‌జీపీ-30 అనే కంప్యూటర్ మీద ఒక ఊహా వాతావరణాన్ని నడిపిస్తున్నారు. ఒకనాడు ఆయన పాత లెక్కలో కొంత భాగాన్ని మరింత వివరంగా చూడదలచారు. మొదటి నుంచి చేయించకుండా, అంతకుముందు యంత్రం కాగితం మీద అచ్చు వేసిన అంకెలను మధ్య నుంచి తీసుకొని తిరిగి ఎక్కించారు. అంటే ఆ కాగితమే ఆయన చెక్‌పాయింట్ ఫైలు.

యంత్రాన్ని నడిపించి కాఫీకి వెళ్లి సుమారు గంట తరువాత వచ్చారు. ఈలోగా యంత్రం దాదాపు రెండు నెలల వాతావరణాన్ని లెక్క కట్టింది. పాత లెక్కతో పోల్చి చూస్తే మొదట్లో రెండూ ఒకటే. పోనుపోను తేడా పెరిగింది. దాదాపు నాలుగు రోజులకొకసారి అది రెట్టింపవుతూ వచ్చి, చివరకు రెండు వాతావరణాల మధ్య పోలికే లేకుండా పోయింది.

యంత్రం చెడిపోలేదు. దాని లోపల అంకెలు ఆరు దశాంశ స్థానాల వరకు ఉండేవి. కాగితం మీద చోటు చాలక మూడు స్థానాలే అచ్చయ్యేవి. లోపల 0.506127 ఉంటే కాగితం మీద 0.506 అని ఉంది. అంత చిన్న తేడా అంత పెద్ద మార్పు తెచ్చింది. లోరెంజ్ ఈ విషయాన్ని వదలకుండా పరిశోధించి 1963లో ప్రచురించిన వ్యాసం ‘అస్తవ్యస్త సిద్ధాంతం’ అనే కొత్త శాస్త్ర శాఖకు పునాదులలో ఒకటైంది.

అందుచేత స్థితి ఫైలులో అంకెలను కుదించి రాయకూడదు. మెమరీలోని సంఖ్యను ఉన్నదున్నట్టుగా ద్విసంఖ్యామానంలోనే రాయడం మేలు. మనుషులు చదివేలా దశాంశాల్లో రాయదలిస్తే, నేటి కంప్యూటర్లు సాధారణంగా వాడే 64 బిట్ల సంఖ్యకు 17 సార్థక అంకెలు రాయాలి. అప్పుడే తిరిగి చదివినప్పుడు అదే సంఖ్య వస్తుంది.

రాయడంలో జాగ్రత్త, చదవడంలో జాగ్రత్త

ఫైలు రాస్తున్న సమయంలోనే కరెంటు పోతే? పాత ఫైలు మీదనే రాస్తుంటే పాతదీ పోతుంది, కొత్తదీ సగమే ఉంటుంది. కాబట్టి ముందు కొత్త స్థితిని వేరే పేరుతో పూర్తిగా రాస్తారు. అది డిస్కులో చేరిందని రూఢి చేసుకున్నాకే దానికి అసలు పేరు పెడతారు. వీలైతే చివరి రెండు మూడు చెక్‌పాయింట్లను చెరపకుండా ఉంచుతారు. కొత్త గోడ లేచాకే పాత గోడ పడగొట్టడం వంటిదే ఇది.

ఫైలు మొదట్లో కొంత పరిచయం ఉండాలి: ఏ ప్రోగ్రాం రాసింది, దాని ఎన్నో కూర్పు, ఎన్ని గళ్లు, ఏ కొలమానాలు అని. ఫైలు చివర సరిచూపు సంఖ్య ఒకటి ఉంచుతారు. చదివే ప్రోగ్రాం అంకెలన్నిటి నుంచి ఆ సంఖ్యను మళ్లీ లెక్క కట్టి, రెండూ కలిస్తేనే ఫైలును నమ్ముతుంది. కలవకపోతే లెక్క మొదలుపెట్టకుండా ఆ సంగతి చెప్పి ఆగుతుంది.

ఫైలును వేరొక రకం కంప్యూటర్‌కు తీసుకుపోతే మరో చిక్కు రావచ్చు. ఒక సంఖ్యలోని భాగాలను కొన్ని యంత్రాలు పెద్ద స్థానం నుంచి, కొన్ని చిన్న స్థానం నుంచి వరుసగా రాస్తాయి. మన ప్రాచీన శాసనాల్లో సంవత్సరాన్ని పదాలతో చెప్పే పద్ధతిని తలచుకోండి. నేత్రాలు అంటే 2, వేదాలు అంటే 4. నేత్ర, వేద అని వరుసగా చెబితే ఒకట్ల స్థానంలో 2, పదుల స్థానంలో 4 వేసి 42 అని చదవాలి. ఈ ఆనవాయితీ తెలియనివారు 24 అంటారు. రాసినవారి వరుస ఏదో చదివేవారికి తెలియాలి.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక ఒక పరీక్ష పెట్టాలి. లెక్కను ఆపకుండా 10 గంటలు నడిపించాలి. అదే లెక్కను మరోసారి 5 గంటలు నడిపించి, ఆపి, ఫైలు నుంచి పునరుద్ధరించి, మిగిలిన 5 గంటలూ నడిపించాలి. రెండు జవాబులూ చివరి అంకె దాకా ఒకటిగా ఉండాలి. తేడా వస్తే, ఏదో కాలువను మరచిపోయామన్నమాట.

ఎంతసేపటికొకసారి?

ఒక కంప్యూటర్ సగటున 5 ఏళ్లకు ఒకసారి చెడిపోతుందనుకుందాం. అటువంటివి 1000 కలిసి ఒకే లెక్క చేస్తుంటే, 1825 రోజులను 1000తో భాగించగా, దాదాపు 1.8 రోజులకొకసారి ఏదో ఒకటి చెడిపోయి మొత్తం లెక్క ఆగుతుంది. తరచుగా దాచుకుంటే దాచడానికే సమయం పోతుంది. అరుదుగా దాచుకుంటే ఆగినప్పుడు ఎక్కువ పని పోతుంది. 1974లో జాన్ యంగ్ అనే ఆయన దీనికొక సులభ సూత్రం చెప్పారు. ఒకసారి దాచడానికి పట్టే కాలాన్ని, రెండు ఆటంకాల నడుమ ఉండే సగటు కాలంతో గుణించి, దాన్ని రెట్టింపు చేసి, వర్గమూలం కనుక్కోవాలి. దాచడానికి 5 నిమిషాలు పట్టే లెక్కకు పై ఉదాహరణలో 162 నిమిషాలు వస్తుంది. అంటే ఇంచుమించు 2 గంటల 42 నిమిషాలకొకసారి దాచుకోవాలి.

బెంగళూరుకు ఇటువంటి పెద్ద లెక్కలు కొత్త కావు. ఎన్నో ప్రాసెసర్లు ఒకేసారి పనిచేసే ‘ఫ్లోసాల్వర్’ అనే కంప్యూటర్‌ను ఇక్కడి నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీ 1986లో తయారుచేసింది. గాలి, నీరు వంటి ప్రవాహాల సమీకరణాలను సాధించడమే దాని పని. అప్పుడు ఆ సంస్థకు డైరెక్టరు రొద్దం నరసింహ. ఆయన పేరులోని రొద్దం పెన్న ఒడ్డున ఉన్న తెలుగు ఊరు. 2022లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో నెలకొల్పిన ‘పరమ్ ప్రవేగ’ శక్తి 3.3 పెటాఫ్లాప్‌లు. అంటే సెకనుకు 33 కోట్ల కోట్ల లెక్కలు.

యంత్రం ఎంత పెద్దదైనా, ఫైలు సంగతిలో మనం పలక మీద వేసిన రెండు చెరువుల లెక్కకున్న నియమమే దానికీ వర్తిస్తుంది. మెమరీలో ఉన్నది పోతుంది. ఫైలులో రాసినదే మిగులుతుంది. రాయనిదాన్ని ఎంత వేగమైన యంత్రమైనా తిరిగి తేలేదు. ఫైలు రాసినవారు ఇంటికి వెళ్లిపోయాక, నడిరాత్రి వానలో మరొకరు దాన్ని తెరిచి లెక్క కొనసాగించవలసి రావచ్చు. వారికి కావలసినదంతా అందులో ఉంటేనే పల్లపు వీధికి హెచ్చరిక వేళకు అందుతుంది.

పదాలు – అర్థాలు

అలుగు: చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లిపోయే చోటు
తూము: చెరువు నీటిని వదిలే ద్వారం
మెరక: ఎత్తైన నేల
యాదృచ్ఛికం: అనుకోకుండా జరిగేది
రూఢి: నిశ్చయం
ఆనవాయితీ: వాడుకగా వస్తున్న పద్ధతి

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. గొలుసు చెరువులంటే ఏమిటి?
2. కరెంటు పోతే కంప్యూటర్‌లోని లెక్క ఎందుకు మొదటికి వస్తుంది?
3. లోరెంజ్ తిరిగి ఎక్కించిన అంకెకూ, యంత్రంలో ఉన్న అంకెకూ తేడా ఎంత?

ఆ. కింది ప్రశ్నలకు పదేసి వాక్యాలలో జవాబులు రాయండి.
1. ఆగిపోయిన లెక్క కన్నా తప్పుగా కొనసాగిన లెక్క ప్రమాదకరమని ఎందుకు అన్నారు? చెరువుల ఉదాహరణతో వివరించండి.
2. స్థితిని కొట్టు నిలవతోనూ, చదరంగంతోనూ ఎందుకు పోల్చారు? ఆ రెండు పోలికలూ చెప్పే విషయాల్లో తేడా ఏమిటి?

ఇ. చేసి చూడండి.
1. పాఠంలోని రాత్రి 10 గంటల అంకెలను ఫైలుగా భావించి 11 గంటల లెక్క వేయండి. అలుగు పారిన నీటిని కూడా దిగువ చెరువు అంకెలోనే కలపండి. మొత్తం 160 వచ్చిందో లేదో సరిచూడండి.
2. మీ స్నేహితులతో అష్టా చమ్మా ఆడుతూ సగంలో ఆపండి. మరునాడు ఆటను సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టడానికి ఏమేమి కావాలో ఒక కాగితం మీద రాయండి. ఆ ఆట చూడని ఇంకొకరికి కాగితం ఇచ్చి, కాయలు పేర్చమనండి.

ఈ. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
చెరువులంటారు, దశాంశం, కాబట్టి మీకు తెలిసిన మరో రెండు ఉత్వసంధి పదాలను పాఠం నుంచి వెతికి రాయండి.